రైలు గేటు

ఆర్లెన్ ట్వైట్ పశువుల డాక్టరు.
హార్డెల్ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ఆవు లేదు,
ఆయన చెయ్యి కలపని ఓటరూ లేడు.
రెండిటికీ ఒకటే చెయ్యి
అనేవాడు, నవ్వకుండా.

ఇరవై రెండేళ్ళు నార్త్ డకోటా శాసనసభలో.
రెండేళ్ళకోసారి జనవరిలో, మంచు బిగిసిన దారిన
బిస్మార్క్‌కి నూట అరవై మైళ్ళు.
వెనక సీట్లో రబ్బరు బూట్లు, సూదిమందుల పెట్టె,
ముందు సీట్లో బిల్లుల కట్ట.
ఓసారి బడ్జెట్ ఓటింగుకి ఆలస్యంగా వెళ్ళాడు,
మోచేతుల దాకా చొక్కా తడి.
"కవలలు" అన్నాడట స్పీకరుతో. అంతే.

మైకు ముందు గొంతు సవరించుకోవడమే
ఆయన ఉపన్యాసంలో సగం.
పేరు చెప్పుకోడానికి ఒక్కటే చట్టం:
ఊరి బయట రైలు దాటే చోట
రెండు ఎర్ర దీపాలు, ఒక గంట.
లావన్ సోర్లీ ట్రక్కు అక్కడ నుజ్జయిన ఏడాది
మొదలుపెట్టాడు.
ఐదు సమావేశాలు గడిచినా
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.
కంపెనీ లాయర్లు ఖర్చు లెక్కలు చదువుతుంటే
ఈయన సోర్లీ చేతి గడియారం బల్ల మీద పెట్టి
పక్కన కూర్చున్నాడట.
అది ఇంకా నడుస్తోందట.

నేను రెండుసార్లు ఆయనకి ఓటెయ్యలేదు.
నీళ్ళ పన్ను దగ్గర కోపం.
ఆయనకి తెలుసు, ఇంతలేసి ఊళ్ళో ఏం దాగుతుంది?
అయినా మార్చి నెల, రాత్రి రెండింటికి
మా కొట్టంలో గడ్డి మీద బోర్లా పడుకుని
అడ్డం తిరిగిన దూడని బయటికి లాగాడు.
బిల్లెంత అని అడిగితే
"ఏ బిల్లు?" అన్నాడు.

ఓడింది నలభై ఒక్క ఓట్లతో.
గెలిచిన కుర్రాడి మొదటి మేకపిల్లకి
టీకా వేసింది ఈయనే.
ఆ రాత్రే ఫోను చేసి, శుభాకాంక్షలు చెప్పి,
అసెంబ్లీ దగ్గర గాలి కొట్టని పార్కింగు
ఏ వైపు ఉంటుందో కూడా చెప్పాడట.

దీపాలు వెలిగిన మూడో ఏడే
కంపెనీ ఆ లైను ఎత్తేసింది.
పట్టాల నడుమ మోకాలెత్తు గడ్డి.
కరెంటు తీసేశారు, గంట ఎవడో ఎత్తుకుపోయాడు.
నవ్వుకున్నాం. ఎందుకు నవ్వం?

నిన్న ఆయన ట్రక్కు వెనకే వెళ్తున్నాను.
గేటు దగ్గర ఆగాడు.
ఎడమకి చూశాడు. కుడికి చూశాడు.
మళ్ళీ ఎడమకి.
హారన్ మీద చెయ్యి పెట్టాను,
తీసేశాను.
ఆయన దాటి వెళ్ళాక
అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని
నేనూ ఆగాను.