రెండో కన్ను

కోటవీధి ఉప్పుగాలికి
ఏ రంగూ ఒక పట్టాన ఆరదు.

తెగిన వల తోక,
ఆగిపోయిన అలారం స్ప్రింగు మెడ,
చెవులకి ఆల్చిప్పలు.
పొట్టనిండా నానబెట్టి రుబ్బిన పాత పేపర్లు, మెంతిపిండి.
నిరుటి తుపాను హెచ్చరిక
అందులోనే ఎక్కడో ఉండాలి.

కిటికీ మీది పోర్టు దుమ్ము
వేలితో తీసి వీపుకి రాశాను.
కొన్న నలుపు ఇంత నల్లగా ఉండదు.

పక్కింటి నూకరత్నం గుమ్మంలోంచే,
"ఏటత్తా ఇది? మేకా, సేపా?"
తెలీదన్నాను.
"మరి కరుస్తాదా?"
అదీ తెలీదు.

ఒక కన్ను అతికించాను, చొక్కా గుండీ.
రెండోది పెట్టబోతే
పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.
"నానెల్లిపోయాక ఎట్టు.
రెండు కళ్లూ ఒచ్చీస్తే
నన్ను గుర్తెట్టీసుకుంటాది."

మూడ్రోజులైంది.
గుండీ ఇంకా
నా కొంగుముడిలోనే ఉంది.