పదకొండు తేడా

తైపే, గ్వాంగ్‌హ్వా బజారు, నాలుగో అంతస్తు.
ఫ్యాను రొదను బట్టే కార్డు వయసు చెప్పేస్తాడు జున్-షెంగ్.

పొద్దుట్నుంచీ అదే పరీక్ష:
మంచు అడవి, తోక మండే నక్క, కూలే వంతెన.
కొత్త చిప్పుకి పద్నాలుగు వేల ఎనభై.
పాతదానికి తొమ్మిది వేల నాలుగొందల పన్నెండు.

వంతెన దగ్గర పాతది తడబడుతుంది.
నక్క గాల్లో ఆగిపోతుంది,
ఒక కాలు అటు, మూడు ఎటూ కాకుండా.
కొత్తదాన్లో ఆ దూకడమే కనపడదు,
ఎప్పుడో దాటేసి ఉంటుంది.

మధ్యాహ్నం మళ్లీ చూస్తే పాతది పదకొండు తగ్గింది.
అదే చిప్పు, అదే నక్క.
ఏసీ చెడింది, అంతే.

"ఎక్కువొచ్చిందే రాయి" అంది యజమానురాలు కో,
నూడుల్స్ గిన్నెలోంచి తలెత్తకుండా.

రాశాడు. చీటీ అంటించాడు.
కార్డు ఊడదీసే ముందు
స్కోరు కాగితం బోర్లించి
ఇంకోసారి ఆడించాడు,
వంతెన రాకముందే
ఊపిరి బిగబట్టి.