రెండు మిల్లీమీటర్లు

ఓడలరేవు దారిలో ఉప్పుటేటి వంతెన.
ఏడో స్తంభం నుంచి తీసిన కోరుని
తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని
అమలాపురం లేబుకి తెచ్చాను.
"ఏవిటండీ అది, రుబ్బురోలు పొత్రమా?"
అన్నాడు కండక్టరు.

రెండుగా చీల్చి సిల్వర్ నైట్రేట్ చల్లాను.
ఉప్పు నడిచినంత మేరా తెల్లబడింది.
స్కేలు పెట్టాను: ముప్ఫై ఎనిమిది.
ఇనుము నలభైలో ఉంది.
పదిహేనేళ్ల ఆటుపోట్లు
చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చి
తలుపు ముందు ఆగాయి.

పాత ఫైల్లో బార్‌చార్టు దొరికింది.
క్యూరింగ్ గీత పద్నాలుగు రోజులు.
వరద ముంచుకొస్తోందని
ఎర్ర సిరాతో కొట్టేసి ఐదు చేశారు.
చేశారు కాదు, చేశాను.
కింద పొడి అక్షరాలు నావే.

తొమ్మిదో స్తంభంలో మాత్రం
ఉప్పు పదకొండు దగ్గరే చతికిలబడింది.
అదే సిమెంటు, అదే ఇసుక, అవే ఐదు రోజులు.
రిజిస్టర్లన్నీ తిరగేసి, చివరికి
లోవరాజు మేస్త్రికి ఫోన్ చేశాను.

"తొమ్మిదా? దాని పక్కనే కదండీ నూకరత్నం పాక.
గోనెలు ఆరితే ఊరుకునేది కాదు.
ఏటినీళ్లు ముట్టనిచ్చేదీ కాదు,
పంటకాలవ నుంచి బిందెలతో మోసేది.
మస్టర్లో పేరు కొట్టేశాక కూడా
నెల్లాళ్లు తడిపిందండి.
ఎందుకే అంటే,
పచ్చి ఒళ్లు కదా అనేది."

పేపరు రాస్తున్నాను.
పట్టికలో నీటి నిష్పత్తి ఉంది, ఉష్ణోగ్రత ఉంది.
ఒక గడి ఖాళీగా ఉంచి
కిటికీలోంచి చూస్తున్నాను.

ఈపాటికి ఏటికి పోటు తగిలుంటుంది.