గూడ్సు పొయ్యేదాంక

కాజీపేటల పట్టాల పక్క గల్లీ.
మూతపడ్డ కుట్టుమిషన్ల సెంటరు హాలు మాది.
మంగళారం, శుక్రారం, పొద్దున ఆరింటికే.
ఎండ ముదిరితే మా కాళ్లు మాట వినయి,
అందుకే సూర్యుని కన్న ముందు లేస్తం,
తడి తువ్వాలలు మెడకు చుట్టుకొని కూసుంటం.

ఏడు కుర్చీలు. చక్రాలది గౌసియాది.
ఓదెలన్న కరెంటాఫీసుల లైన్‌మన్.
డాక్టరు మూడుసార్లు చెప్పినా
ఈ రోగం పేరుకు నా నోరు తిరగలె,
ఆయనే విడమరిచిండు:
"వైరు మంచిదే చెల్లె, మీది తొడుగు ఎలుక కొరికింది.
కరెంటు బయల్దేరుతది గని తొవ్వల కారిపోతది."
స్తంభాలెక్కిన మనిషి
ఇప్పుడు గడప దాటాలంటే గోడను అడుగుతడు.
వాడకట్టోళ్లు మొదట్ల
పొద్దుగాలనే తాగిండనుకున్నరట.

నాకైతే ముందుగాల కన్ను.
ఆరో తరగతిల, బోర్డు మీద సగం లెక్క మబ్బయింది.
"టీచర్, సున్న మర్శిపోయిండ్రు" అన్నరు పిల్లలు.

వ్యాయామం చేయించే సుప్రజ
ఫోన్ల గంట పెడితే మాకు నచ్చలె.
గూడ్సు బండే మా గడియారం.
అది రాంగనే లేవాలె,
కుర్చీ వీపు పట్టుకొని
ఆఖరి డబ్బా పొయ్యేదాంక నిలవడాలె.
గౌసియా చేతులు లేపుతది, నిలవడ్డట్టే లెక్క.
రామగుండం దిక్కుకెల్లి బొగ్గు.
కిటికీ చువ్వలు వణుకుతయి, మోకాళ్లు వణుకుతయి,
ఏది ఎవలి వణుకో ఎవలూ అడగరు.
లెక్కపెట్టుడు నా పని, టీచర్ను గద.
నలభైకి నా ఎడమకాలు నాది కాదంటది.
యాభై ఎనిమిది డబ్బాలు. ఓదెలన్న ఒక్కడే ఒక్కసారి ముట్టిండు.

మొన్న శుక్రారం
బండి సగంల ఆగింది. సిగ్నల్ పడలె.
ముప్పైమూడో డబ్బా కిటికీకి అడ్డంగ, నల్లగ,
దానికెదురుంగ మేము.
కూసోమని సుప్రజ అనలె. ఆమెకూ తోచలె.
ఎవలో నవ్విండ్రు.
నవ్వితే కాళ్లల్ల బలం పోతది మాకు.
"నవ్వియ్యకుండ్రి, పడతరు" అనుకుంట
గౌసియానే ఇంకింత నవ్వింది.
తువ్వాల నీళ్లు వీపు మీదికి కారుతున్నయి.

అప్పుడు యాడ్నో దూరంగ ఇంజను గుంజింది.
ఠక్. ఠక్. ఠక్.
కొండి కొండికి తగులుకుంట,
డబ్బా డబ్బాకు కబురు చెప్పుకుంట,
ఎంతసేపటికో
మా కిటికీ ముందటిది ఉలిక్కిపడి కదిలింది.

ఓదెలన్న కిందికి, తన బొటనేలు దిక్కు చూసిండు.
"వస్తది చెల్లె. జెర లేటుగ వస్తది."

ముప్పైనాలుగు, అన్న నేను.