పదకొండు సీసాలు

"మీ గురించి ఐదువందల మాటల్లో చెప్పండి."
కవిటి నెట్ సెంటర్లో దుంపల కామేశు
స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు:
"మీ నాన్న కిడ్నీల గురించి రాసీ గుంటా, సీటు గేరంటీ."

రాసేశాను.
సోంపేట ఆస్పత్రి, వారానికి మూడుసార్లు మిషను,
చేతి మీద ఉబ్బిన నరం,
తెల్లారకుండానే ఆటోలో అమ్మ ఒళ్లో టిఫిను కేరేజీ.
కామేశు ముక్కు చీదుకున్నాడు.
"అదీ లెక్క."

ఆ మంచం పక్కనే కూర్చుని చదివి వినిపించాను.
నాన్న చాలాసేపు
గొట్టంలో తిరుగుతున్న తన రక్తాన్నే చూశాడు.
"బాగుందమ్మా. నాను బాగున్నాను ఇందుల.
మరి నువ్వేవి?"

తిరుగు బస్సులో
నా పేరూ ఊరి పేరూ ఉంచి
మిగతాదంతా కొట్టేశాను.

రాత్రి చాప కోసం మంచం కింద చెయ్యి పెడితే
సీసాలు గలగలమన్నాయి.
మాణిక్యపురం నుయ్యి, ఉప్పన.
బొరివంక బోరు, తుప్పు.
బైరి మామ్మ పెరటి నుయ్యి, తీపి, ఎందుకో తెలీదు.
ఏడో తరగతి నుంచీ పడుతున్నాను ఈ నీళ్లు,
నాలిక్కి తెలిసింది నోట్సులో రాసుకుంటూ.
నాలిక్కి తెలియనిదేదో ఉంది.
నాకు కెమిస్ట్రీ కావాల్సింది దానికోసమే.

"మా ఇంట్లో పదకొండు సీసాల నీళ్లున్నాయి,
ఎవరూ తాగరు" అని మొదలెట్టాను.

"ఏడుపేదీ?" అన్నాడు కామేశు.
నాన్న మాత్రం చివరిదాకా విని
"నా ఊసే లేదేటే" అని నవ్వాడు.

సీసాల మీది చీటీలన్నీ
నాన్న చేతిరాత.
అది రాయలేదు.
ఇరవై మాటలు ఇంకా మిగిలే ఉన్నాయి.