దబ్బనం పట్టిన చేయి

నలభై ఏండ్లు దబ్బనం పట్టిన చేయి ఇది.
జానెడు మందం పరుపును
ఈ పక్క పొడిచి ఆ పక్క లాగిన చేయి.
అట్లాంటిది
వెంట్రుకంత సూదిని చూసి వణికింది.

మూడు వందల ఎనభై, అనింది నర్సు చీటీ చూసి.
దూది ధర అనుకున్నా.
మాత్రలు చాలవు మౌలాలీ, ఇంక ఇన్సులినే
అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

సూది మొదలైతే ఆఖరికొచ్చినట్టేనని
ఆదోని స్టేషన్ రోడ్డు టీ అంగట్లో
అందరూ అన్నారు.
మూడు దినాలు సీసాను గూట్లో పెట్టి చూస్తా కూచున్నా.
నాలుగోనాడు ఖాశింబి
"నువ్వు పొడుచుకోకుంటే నేను పొడుస్తా, దబ్బనంతో" అనింది.

నర్సు పేరు సలోమి.
పరుపుకు టాకా ఎట్ల ఏస్తావని అడిగింది.
ఏసిన చోటే మళ్లీ ఏస్తే గుడ్డ చినుగుతాది,
ఎడం ఇడిసి ఏయల్ల, అన్నా.
"కడుపూ అంతే.
బొడ్డు చుట్టూ రెండేళ్లు ఇడువు.
దినానికొక చోటు జరుపు.
ఒకచోటే పొడిస్తే గడ్డ కడతాది,
మందు అండ్ల చిక్కుకుంటాది."
ఉండకట్టిన దూది నాకు తెలీదా?

మబ్బు పట్టినట్టుంది మందు.
ఊపాకు, అరచేతుల నడుమ దొర్లించు, అనింది.
వత్తి చేసినట్టు దొర్లించినా.
సీసా మీద నలభై ఉంటే
సూది మీదా నలభై ఉండల్ల, చూసుకో, అనింది.
కొలత టేపు మీది అంకెలు తప్ప
ఇంకేమీ చదవలేనోణ్ణి.
ఆ అంకెలే చాలినాయి.

తోలు పట్టుకున్నా. పొడిచినా. పది లెక్కబెట్టినా.
నొప్పి లేదు.
ఎవరో నన్ను మోసం చేసినట్టనిపించింది.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.
పెద్ద కుండలో తడి ఇసుక,
ఇసుకలో చిన్న కుండ, చిన్న కుండలో సీసా.
రణమండల కొండ కాలి ఎర్రబడే ఎండల్లో
ఇంట్లో చల్లగా పండుకునేది అదొక్కటే.

ఒక మాపటేళ సూది ఏసుకుని
రొట్టె కోసం కూచున్నా.
కోసిగి నుంచి పెండ్లోళ్లు వచ్చినారు.
రెండు పరుపులు, నాలుగు దిండ్లు, బేరం.
రొట్టె చల్లారింది. బేరం చల్లారలేదు.
టేపు పట్టుకుంటే అంకెలు ఈత కొట్టినాయి.
చొక్కా తడిసింది.
ఎదురుగ్గా కూచున్నాయన ముఖం
ఏకిన దూది మాదిరి ఎగిరిపోతా ఉంది.
పేరడిగితే చెప్పలేకపోయినా,
నా పేరే.

ఖాశింబి చక్కెర కలిపిన నీళ్ల లోటా
నోటికి పెట్టింది.
కోసిగి వాళ్లు నిలబడి చూసినారు.
కాసేపటికి టేపు మీద పన్నెండు
మళ్లీ పన్నెండయింది.
అప్పుడు రొట్టె తినిపించింది, తిడతా.

ఆనాటి నుంచి
కూడు ఉడికినాక సూది.
సూది ఏసినాక
ఎవరొచ్చినా అరుగు మీదనే కూచోవల్ల.
చొక్కా జోబిలో బెల్లం గడ్డ.
చీమలు నా చొక్కాను మరిగినాయి.

ఎనకటికి ఒక పరుపులో
విరిగిన సూది మరిచిపోయినా.
ఆ ఇంటి పసిబిడ్డ వీపు
నేనిప్పటికీ ఎవరికీ చెప్పలేదు.
సలోమికి చెప్పినా.
ఆమె ఏమీ అనలేదు,
గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చింది, బిరడాతో.
వాడిన సూదులన్నీ అండ్లనే.
నిండినాక ఆసుపత్రికి మోసకపోతా.
ఆటోలో గలగలమంటాది,
పక్కనున్నోళ్లు చిల్లర అనుకుంటారు.

పక్కింటి హనుమప్ప నీ సూది ఇయ్యి,
నాకూ షుగరే కదా, అన్నాడు.
దబ్బనమైతే ఇస్తా, అన్నా.

నిన్న రెండు వందల పది.
రెండు గీతలు నేనే పెంచుకుందునా అన్నా.
"పరుపు నువ్వు కుట్టు,
గీతలు డాక్టరమ్మను అడుగుతాం" అనింది సలోమి.
సరే.
పొద్దున ఎడమ పక్క ఏసినా.
మాపటికి కుడి.