రెండు వందల మాటలకి మించకుండా

దరఖాస్తులో ఏడో గడి:
మీ పరిశోధన ప్రాముఖ్యాన్ని
రెండు వందల మాటలకి మించకుండా రాయండి.
రాయగడలో కరెంటు పోయింది.
నాగావళి అవతల వాన మొదలైంది.
కొవ్వొత్తి దగ్గర కూర్చుని
మొదటి మాటగా ‘దోమ’ అని రాసి
కొట్టేశాను.

ఎక్కడ మొదలెట్టాలి?
కల్యాణసింగ్‌పూర్ దారిలో జీపు దిగి
రెండు వాగులు దాటితే వచ్చే పదకొండు ఇళ్ళ దగ్గరా?
తెల్లారగట్ల నాలుగింటికి, పశువుల పాకలో,
ఒక చేత టార్చి, ఒక చేత గాజుగొట్టం,
రబ్బరు గొట్టం కొస పళ్ళ మధ్య.
దోమని ఊపిరితో పీల్చి పట్టాలి
రెక్క నలగకుండా,
మింగెయ్యకుండా.
అది నాకు విశ్వవిద్యాలయం నేర్పలేదు.
కుంజి హికాకా నేర్పింది.
దినకూలీ రిజిస్టరులో ఆవిడది వేలిముద్ర.

“తల గోడకి వంచి, తోక పైకెత్తి కూచున్నదే మనది.”
ఆవిడ కువిలో చెప్పింది
నేను తెలుగులో అర్థం చేసుకుని
ఒడియాలో చీటీ రాసి
ఇంగ్లీషులో అచ్చు వేయించాను.
అన్ని వాగులు దాటేసరికి
ఆవిడ పేరు కొట్టుకుపోయింది.

ఆడదోమే కదండీ కుట్టేది, అని
ప్రతి సభలోనూ ఎవరో ఒకరు జోకేస్తారు.
గుడ్లకి నెత్తురు కావాలి దానికి.
నేనింకా నవ్వడం నేర్చుకోలేదు.

ఉప్పునీటి చుక్కలో తలపట్టి సూదితో లాగితే
మెడ దగ్గర రెండు లాలాజల గ్రంథులు,
ఒక్కోటీ మూడు తమ్మెలు.
గాజుపెంకు కింద నొక్కితే చిట్లుతాయి.
లోపల ఉంటే గనక,
సన్నటి కొడవళ్ళు
ఎవరి పంటకో బయల్దేరినట్టు కదులుతాయి.
మూడువేల నాలుగువందల పన్నెండు దోమల్ని కోశాను.
కొడవళ్ళు దొరికినవి తొమ్మిది.

“దోమల్ని కోసినందుక్కూడా బిల్లలిస్తారేటే?”
అంది మా మేనత్త.
ఇచ్చారు.
శాలువా, చెక్క మీద ఇత్తడి పలక.
ఆడమనిషై ఉండి అంత అడవిలో, అన్నాడొకాయన,
మెచ్చుకోలుగానే.
నా వివరాలు చదివినతను ‘పది దోమల్లో’ అన్నాడు.
గుండ్రటి అంకె వినసొంపుగా ఉంటుందనుకున్నాడేమో.
మైకు దగ్గరికి లాక్కుని
“తొమ్మిది” అన్నాను.
నా ప్రసంగం అంతే.

పదోది ఉందేమో. తెలీదు.
ఆ రాత్రి ఆఖరి దోమ చుక్కలో ఉంది
కన్ను ఆనించబోతుంటే కుంజి వచ్చింది.
వీపున కూతురు, ఒళ్ళు పెనం.
పరీక్ష పట్టీ మీద రెండు గీతలు.
మాత్ర నూరి పోసి, కక్కితే మళ్ళీ నూరి,
చెమట పట్టేదాకా కూర్చుని
తిరిగొచ్చేసరికి
చుక్క ఆరిపోయింది.
రిజిస్టరులో ఆ వరసన ‘చూడలేదు’ అని రాశాను.

ఇత్తడి పలక ఇప్పుడు
స్లైడు పెట్టెల మీద బరువుగా పనికొస్తోంది.
రేపు మూడున్నరకి జీపు.
గొట్టాల్లో దూది మార్చాలి.

ఏడో గడిలో చివరికి
నూట ఎనభై ఒక్క మాటలు రాశాను.
పంతొమ్మిది మిగిలిపోయాయి.
ఆవిడ పేరుకి
రెండు చాలు.